ఆటోమేటిక్ కారుని డైనో ఎక్కించే ముందు

డైనో అంటే కారు చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం. దాని మీద ఒకసారి వచ్చిన నంబరు మళ్ళీ రావాలి. ఈ నెల 220 హార్స్ పవర్ చూపించిన కారు ఏ మార్పూ లేకుండా వచ్చే నెల అదే రోలర్ల మీద 205 చూపిస్తే, ఆ రెండు కాగితాల్లో దేన్నీ నమ్మలేం. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాము మార్పించి, పవర్ పెరిగిందని సంతోషపడేవాళ్ళలో చాలామందికి మ్యాప్ ఇచ్చింది ఎంతో, ఆ పూట వాతావరణం ఇచ్చింది ఎంతో, గేర్‌బాక్స్ మింగింది ఎంతో తెలీదు. ఆ లెక్క తేలాలంటే పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద కార్లకి స్కానింగ్, ఎలక్ట్రికల్ పని చేస్తాను. మన ఊళ్ళ నుంచి డైనోకి చెన్నైకో బెంగళూరుకో పోయేవాళ్ళు ముందు షెడ్డుకి వచ్చి బండి చూపించుకుంటారు, పిలిస్తే వెంట నేనూ పోతాను. మాన్యువల్ కారైతే పని సులువు. నాలుగో గేరు వేసి తొక్కితే అయిపోతుంది. ఆటోమేటిక్‌కి సొంత బుర్ర ఉంటుంది, మధ్యలో గేరు మార్చేస్తుంది. ఉదాహరణకి చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం చేసే కుటుంబంలోని కుర్రాడి కారు తీసుకుంటాను: బీఎండబ్ల్యూ 330ఐ, 2 లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ చెప్పే లెక్క 258 హార్స్ పవర్, 400 న్యూటన్ మీటర్లు, జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ గేర్‌బాక్స్, వెనక చక్రాల డ్రైవ్.

స్లాట్ బుక్ చేసే ముందే డైనో వాళ్ళని అడగాల్సింది ఒకటుంది. అక్కడ ఉన్నది రెండు చక్రాల డైనోనా, నాలుగు చక్రాలదా? 330ఐకి రెండు చాలు. అదే ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కారుని రెండు చక్రాల రోలర్ల మీద ఎక్కిస్తే ముందు చక్రాలకి పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ పాడైపోతుంది. ముందు రోలర్లూ వెనక రోలర్లూ ఒకే వేగంతో తిరిగేలా లింక్ అయిన డైనోనే వాటికి కావాలి. "ఫ్యూజు పీకేస్తే సరిపోతుందిలే" అనే మాట వినపడితే ఆ చోటుకి పోకండి.

రెండోది, రోలర్ మీద చక్రాలు తిరిగే రకమా, చక్రాలు విప్పి హబ్‌కి బిగించే రకమా? హబ్ డైనోలో టైరు జారడమనే సమస్యే ఉండదు. రోలర్ డైనోలో కూడా బరువైన డ్రమ్ముని తిప్పి లెక్క కట్టేది ఒకటి, విద్యుదయస్కాంత బ్రేకుతో ఇంజన్ మీద లోడు వేసేది ఇంకొకటి. ఒకదాని నంబరుని ఇంకోదాని నంబరుతో పోల్చకూడదు. ఎక్కడ మొదలుపెట్టారో తర్వాత పరీక్షలన్నీ అక్కడే చేయించుకోండి.

ఇక ఏ గేరులో పరుగు తీయాలనేది చూద్దాం. పరుగు అంటే కింది ఆర్‌పీఎం నుంచి పైదాకా పూర్తిగా తొక్కి ఒకసారి కొలవడం. నిష్పత్తి 1కి 1 ఉన్న గేరు వాడాలని అందరూ చెప్తారు, ఎందుకంటే ఆ గేరులో నష్టాలు తక్కువ. జెడ్‌ఎఫ్ 8 స్పీడ్‌లో అది ఆరో గేరు. కానీ 330ఐని ఆరో గేరులో రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా తీసుకెళ్తే ఏమవుతుందో చిత్తూరు హైవే మీదే లెక్క కట్టొచ్చు. ఆరో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర స్పీడోమీటరు 90 దరిదాపుల్లో ఉంటుంది. 6500 అంటే దానికి మూడుంపావు రెట్లు, అంటే 290 కిలోమీటర్లు. ఆ కారుకి 250 దగ్గర లిమిటర్ ఉంది. రెడ్‌లైన్ చేరకముందే ఈసీయూ ఆపేస్తుంది, గ్రాఫు అక్కడ తెగిపోతుంది. ఐదో గేరు నిష్పత్తి 1.316 కాబట్టి అదే 6500 దగ్గర వేగం 220కి దిగుతుంది. నాలుగో గేరు 1.720, అందులో 169. నాలుగో గేరులో వేగం తక్కువ కాబట్టి టైర్లకి మేలు. అయితే డ్రమ్ము తేలిగ్గా ఉంటే పరుగు మరీ తొందరగా ముగిసిపోయి, టర్బో పూర్తిగా నిండేలోపే సగం ఆర్‌పీఎం దాటిపోతుంది. లోడు వేయగల డైనో అయితే నాలుగు, లేకపోతే ఐదు అని నేను చెప్తాను. మీ కారు ఏదైనా ఈ గుణకారం ముందే చేసుకుని పోండి. ఏ గేరు వాడారో కాగితం మీద రాయించుకోండి, వచ్చేసారి కూడా అదే గేరు.

గేరు ఎంచుకున్నాక గేర్‌బాక్స్ దాన్ని వదలకుండా పట్టుకోవాలి. అడ్డుపడేది కిక్‌డౌన్. పెడల్ చివర్లో ఒక చిన్న గట్టిదనం తగులుతుంది, అది దాటితే స్విచ్ నొక్కుకుని గేరు కిందికి దిగుతుంది. కొన్ని కార్లలో మాన్యువల్ మోడ్‌లో పెట్టినా దిగుతుంది. డైనో మీద 5లో ఉండాల్సింది 3కి దూకితే ఆ పరుగు వృథా, పైగా కారుని కట్టే బెల్టుల మీద ఒక్కసారిగా గుంజు పడుతుంది. మీ కారు ఏం చేస్తుందో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్పీడు లిమిట్ లోపలే చూసుకోవచ్చు. మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు, 2500 ఆర్‌పీఎం, అంటే 50 పైచిలుకు స్పీడు. అక్కడి నుంచి పెడల్‌ని ఒక్కసారిగా కాకుండా రెండు సెకన్లలో నిదానంగా చివరి గట్టిదనం దాకా తొక్కండి. 4500 చేరేసరికి స్పీడు 100 దగ్గరికి వస్తుంది, అక్కడ వదిలేయండి. గేరు కదలకపోతే డైనో మీద కూడా అలాగే తొక్కమని ఆపరేటర్‌కి చెప్పాలి. కదిలితే ఏ మోడ్‌లో కదలకుండా ఉంటుందో వెతకండి. స్పోర్ట్‌లో ఉండి డీఎస్‌సీ (కారు జారకుండా పవర్ కోసే వ్యవస్థ) పూర్తిగా ఆఫ్ చేస్తే ప్రవర్తన మారే కార్లు ఉన్నాయి.

ఇప్పుడు కాళ్ళ కింద చూడండి. మన దగ్గర కొత్త కారు కొన్న వారంలోపే 7డి మ్యాట్లు వేయిస్తారు. మందపాటి లెదరెట్, కింద ఫోమ్, అంచులు పైకి లేచి ఉంటాయి. ఆ కుర్రాడి కారులో ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ స్కానర్‌లో పెడల్ పొజిషన్ పెట్టి, పూర్తిగా తొక్కమన్నాను. 91 శాతం చూపించింది. "ఇంకా తొక్కు తమ్ముడూ" అంటే, "ఇంతకన్నా పోదన్నా" అన్నాడు. మ్యాట్ ఎత్తి మళ్ళీ తొక్కిస్తే 100. కారు చెడిపోయింది లేదు, సెన్సర్ చెడిపోయింది లేదు, ఫోమ్ అడ్డుపడింది. డైనోకి పోయే రోజు డ్రైవర్ వైపు మ్యాట్ తీసి డిక్కీలో వేయండి.

కన్వర్టర్ సంగతి కూడా గేర్‌బాక్స్‌లో భాగమే. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దాని లోపల నూనె జారుతున్నంతసేపూ ఇంజన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ ఇంకో వేగంతో తిరుగుతాయి. లాకప్ క్లచ్ పట్టుకున్నాకే రెండూ ఒకటవుతాయి. డైనో సాఫ్ట్‌వేర్ రోలర్ వేగాన్ని బట్టి ఇంజన్ ఆర్‌పీఎం ఊహించుకుంటే, కన్వర్టర్ జారుతున్న చోట ఆ ఊహ తప్పుతుంది. పవర్‌ని ఆర్‌పీఎంతో భాగిస్తేనే టార్క్ వస్తుంది కదా, ఆర్‌పీఎం తక్కువగా అనుకుంటే టార్క్ ఎక్కువగా కనిపిస్తుంది. కింది ఆర్‌పీఎంలో కొండలా లేచిన టార్క్ గ్రాఫు చూసి మురిసిపోయే ముందు ఇది అడగండి: ఆర్‌పీఎం ఎక్కడి నుంచి తీసుకున్నారు? ఓబీడీ నుంచి నేరుగా తీసుకోమని చెప్పండి. లాకప్ పట్టిందో లేదో తెలియాలంటే స్కానర్‌లో ఇంజన్ ఆర్‌పీఎం, టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు తిరిగే భాగం) ఆర్‌పీఎం పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే పట్టినట్టే.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో వచ్చే డీఎస్‌జీ గేర్‌బాక్స్ కార్లలో కన్వర్టర్ ఉండదు, రెండు క్లచ్‌లు ఉంటాయి. వాటిలో 7 స్పీడ్ డ్రై క్లచ్ డీక్యూ200ని కంపెనీ 250 న్యూటన్ మీటర్ల కోసం తయారుచేసింది. రీమ్యాప్‌తో అంతకు మించి పెంచిన కార్లలో క్లచ్ జారితే గ్రాఫులో ఆర్‌పీఎం పైకి పోతుంది, రోలర్ వేగం మాత్రం ఆ లెక్కన పెరగదు. అట్లా కనిపిస్తే ఆ రోజుకి అక్కడితో ఆపేయాలి. లాంచ్ కంట్రోల్ (ఆగిన చోటు నుంచి ఒక్కసారిగా దూసుకుపోయే మోడ్) డైనో మీద ఏ కారుకీ వద్దు.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి గట్టిగా చెప్తాను. జీవితాంతం మార్చనక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకి మార్చమంటుంది. ఎండలు 40 దాటే మన ఊళ్ళలో నేను జెడ్‌ఎఫ్ మాటే వింటాను. కానీ డైనోకి ముందురోజు మార్చకండి. మార్చాక అడాప్టేషన్ (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు) కుదురుకోవడానికి బండి కొన్ని రోజులు మామూలుగా తిరగాలి. బ్యాటరీ వైర్లు పీకడం, అడాప్టేషన్ రీసెట్ చేయడం కూడా ఆ వారంలో వద్దు.

ఇంజన్ వైపు పని మామూలు సర్వీసులాంటిదే. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంజన్ దాకా పోయే హోసులు, వాటి క్లిప్పులు. 330ఐకి డిప్‌స్టిక్ లేదు, ఇంజన్ వేడెక్కాక స్క్రీన్ మీదే ఆయిల్ లెవెల్ చూసుకోవాలి. కూలెంట్ చూడండి. ఈ ఇంజన్‌లో ఇంటర్‌కూలర్‌ని నీటితో చల్లబరుస్తారు, ఆ సర్క్యూట్‌లో గాలి బుడగలున్నా పంపు బలహీనంగా ఉన్నా పరుగు పరుగుకీ పవర్ తగ్గుతుంది. స్కానర్ పెట్టి పాత ఫాల్టు కోడ్లు, సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ కౌంటు, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సరిచేస్తోందో చెప్పే లెక్క) చూసుకుని, ఏ తప్పూ లేదని తేలాకే స్లాట్ ఖాయం చేయండి.

పెట్రోల్ ఒకే రకం ఉండాలి. టర్బో ఇంజన్‌లో నాక్ (పెట్రోల్ అదుపు తప్పి మండే టకటక శబ్దం) వినపడితే ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. కాబట్టి ట్యాంకు బాగా తగ్గనిచ్చి, మీరు రోజూ వాడే పెట్రోలే రద్దీ ఉండే బంకులో పట్టించండి. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ పోసి పరీక్ష చేయించి, ఇంటికొచ్చి మామూలు పెట్రోల్‌తో తిప్పితే ఆ నంబరు మీ కారుది కాదు. మ్యాప్‌నే 100 ఆక్టేన్ కోసం రాయించుకుంటే అది వేరే సంగతి. అప్పుడు ఒక ట్యాంకు ముందు నుంచే దాన్ని వాడి ఈసీయూని అలవాటు పడనివ్వండి. నెలల తరబడి షెడ్‌లో నిలబెట్టిన కారైతే ఆ పాత పెట్రోల్‌తో అసలు పోవద్దు. మన పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది.

వెనక టైర్ల మీద రాసి ఉన్న అక్షరం చదవండి. వీ అంటే 240 దాకా, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. ఐదో గేరులో 220 పోయే కారుకి వీ సరిపోతుంది కానీ నాకు మనసొప్పదు, డబ్ల్యూ ఉంటే ధైర్యం. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలూ చూడండి. సైడువాల్‌లో ఉబ్బు గానీ పంక్చరు అతుకు గానీ ఉంటే రోలర్ ఎక్కించకండి. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద వచ్చిన కారైతే ట్రెడ్‌లో ఇరుక్కున్న చిప్స్ స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే పీకేయాలి. 200 స్పీడులో ఊడొచ్చే రాయి తుపాకీ గుండుతో సమానం. గాలి ఎంత పెట్టారో రాసుకోండి, ప్రతిసారీ అంతే ఉండాలి.

మన దగ్గర కొత్త కారుకి కాణిపాకంలోనో తిరుమలలోనో పూజ చేయించనివాళ్ళు అరుదు. గ్రిల్‌కి కట్టిన దండ, బంపర్ కింద వేలాడే నిమ్మకాయ మిరపకాయల దారం డైనో రోజు విప్పేయాలి. ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి గాలి కొడతారు, ఎండిన పూలు, దారం రేడియేటర్ రెక్కల్లోకి పోయి అతుక్కుంటాయి. విప్పి లోపల దేవుడి బొమ్మ దగ్గర పెట్టుకుని, పరీక్ష అయ్యాక మళ్ళీ కట్టుకోవచ్చు. దేవుడికి ఏ లోటూ రాదు.

"చెన్నైకి పోదామా, బెంగళూరుకి పోదామా అన్నా?" అని ఆ కుర్రాడు అడిగాడు. చెన్నై సముద్రమట్టానికి దగ్గర, గాలి చిక్కగా ఉంటుంది, కానీ వేడి, ఉక్క. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, చల్లగా ఉంటుంది, కానీ గాలి ఒత్తిడి సుమారు పది శాతం తక్కువ. ఈ తేడాని సరిచేయడానికి డైనో సాఫ్ట్‌వేర్ ఒక గుణకం వాడుతుంది. ఎస్ఏఈ జె1349 పద్ధతి 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ ఒత్తిడి ఉన్న గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది. డిన్ పద్ధతి 20 డిగ్రీలు. పద్ధతి మారితే అదే పరుగుకి నంబరు మారిపోతుంది. అసలు చిక్కు టర్బో కార్లకి వస్తుంది. టర్బో లేని ఇంజన్ బెంగళూరులో నిజంగానే పవర్ పోగొట్టుకుంటుంది, గుణకం దాన్ని తిరిగి కలుపుతుంది, న్యాయమే. టర్బో ఉన్న ఇంజన్‌లో ఈసీయూ టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి తగ్గిన గాలిని చాలావరకు తనే పూడ్చుకుంటుంది. పూడ్చుకున్న దానికి మళ్ళీ గుణకం కలిపితే లేని పవర్ కాగితం మీద కనిపిస్తుంది. చక్రాల దగ్గర నిజంగా 215 వస్తే 1.10తో గుణించి 236 అని ఇస్తారు. అందుకే సరిచేయని నంబరు, సరిచేసిన నంబరు రెండూ ప్రింట్ తీసుకోమంటాను, గుణకం ఎంతో కూడా రాయించుకోమంటాను. 330ఐకి చెన్నైలో, చలికాలంలో, పొద్దున మొదటి స్లాట్ అని చెప్పాను. మే నెలలో మాత్రం ఎటూ పోవద్దు.

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరేసరికి బానెట్ కింద అంతా కాలిపోతూ ఉంటుంది. నేరుగా రోలర్ ఎక్కించకుండా బానెట్ తెరిచి అరగంట పైన ఆగండి. ఇన్‌టేక్ గాలి చల్లబడాలి, గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం వెచ్చగానే ఉండాలి. రోలర్ మీద తక్కువ వేగంలో కాసేపు తిప్పితే గేర్‌బాక్స్ మళ్ళీ దారిలో పడుతుంది. ప్రతి పరుగు ముందూ రెండు ఉష్ణోగ్రతలూ స్కానర్‌లో చూసి, మొదటి పరుగుకి ఎంత ఉన్నాయో తర్వాత వాటికీ అంతే ఉండేలా ఆగండి. ఏసీ, లైట్లు ఆఫ్. డిక్కీ ఖాళీ చేయడం వల్ల లాభం లేదు, రోలర్ కారు బరువుని తూచదు.

కట్టేటప్పుడు దగ్గరుండి చూడండి. బెల్టులు టో హుక్‌కో సబ్‌ఫ్రేమ్‌కో కట్టాలి, సస్పెన్షన్ ఆర్ములకి కాదు. అతిగా బిగిస్తే టైరు రోలర్‌కి నొక్కుకుని పవర్ తింటుంది. ముందు చక్రాలు కదలకుండా, వెనకవి మాత్రమే తిరుగుతుంటే డీఎస్‌సీ కంగారుపడి పవర్ కోసేస్తుంది. దానికి బీఎండబ్ల్యూలో రోలర్ టెస్ట్ మోడ్ ఉంది, ఆన్ చేయించండి. హ్యాండ్‌బ్రేక్ విడిచిందో లేదో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. పరుగు నడుస్తున్నప్పుడు కారు ముందు గానీ వెనక గానీ, బెల్టుల వరుసలో గానీ మనిషి నిలబడకూడదు.

పరుగు అయ్యాక యాక్సిలరేటర్ వదిలి రోలర్లని వాటంతటవే నిదానించనివ్వాలి. కొన్ని చోట్ల నష్టాలు కొలవడానికి న్యూట్రల్‌లో పెట్టి దొర్లనిస్తారు. అప్పుడు ఇంజన్ ఆపకూడదు. గేర్‌బాక్స్ ఆయిల్ పంపుని తిప్పేది ఇంజనే, అది ఆగితే చక్రాలు తిరుగుతుండగా లోపల ఆయిల్ పారదు. రోలర్ పూర్తిగా ఆగేదాకా పీ (పార్క్) జోలికి పోవద్దని డ్రైవర్‌కి ముందే చెప్పండి.

కనీసం మూడు పరుగులు తీయించి గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేయించండి. ఒకటి రెండు శాతం లోపు కలిస్తే కొలత బాగున్నట్టు. వరుసగా తగ్గుతూ పోతే వేడి, అటూ ఇటూ ఊగితే టైరు జారడమో లాకప్పో. చక్రాల నంబరుకి 15 శాతం కలిపి ఇంజన్ పవర్ ఇంత అని రాసిచ్చే చోట, ఆ 15 ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. కొలిచినది చక్రాల పవరే, పోల్చుకోవాల్సింది కూడా అదే. గ్రాఫులోని ఎగుడుదిగుళ్ళని చదును చేసే స్మూతింగ్ సెట్టింగ్ ఎంతో అడిగి రాసుకోండి, గ్రాఫు నునుపుగా ఉందని మోసపోకండి. రీమ్యాప్ ఉద్దేశం ఉంటే ఈ మూడు పరుగులూ మ్యాప్ వేయకముందే జరగాలి. తర్వాత వేసిన మ్యాప్‌కి కూడా అదే రోజు, అదే గేరు, టైర్లలో అదే గాలి.

బయల్దేరే ముందు రోలర్ మోడ్ తీసేసి డీఎస్‌సీ ఆన్ అయిందో చూడండి. స్కానర్‌తో కొత్త కోడ్లు చెక్ చేయండి, టైర్లని చుట్టూ తడిమి చూడండి. హబ్ డైనో అయితే చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో 140 న్యూటన్ మీటర్లకి బిగించుకుని, తిరుత్తణి దగ్గర టీ కోసం ఆగినప్పుడు ఒకసారి మళ్ళీ చూసుకోండి.